దండాన్వయం, ఖండాన్వయం: తాత్పర్యం ముందా, పద్యం ముందా?

వ్యాఖ్యానాల్లో కనిపించే ఈ రెండు మాటలకూ తేడా ఏమిటండీ? నాకు వేమన పద్యం చదివీ చదవగానే తలకెక్కుతుంది. ‘ఎవ్వనిచే జనించు’ మాత్రం నోటికి వచ్చినదే అయినా, అర్థం కోసం చదివితే రెండుసార్లు వెనక్కి వెళ్లాల్సి వస్తోంది.

↳ పద్యంలోని పదాలను కర్త, కర్మ, క్రియ అంటూ వచనం వరుసలో పేర్చుకుంటే దండాన్వయం. ముందు క్రియను పట్టుకుని ప్రశ్నలు వేసుకుంటూ పోతే ఖండాన్వయం. పోతన పద్యంలో క్రియ ‘వేడెదన్’. ఎవరు? నే. దేన్ని? శరణంబు. ఎవరిని? ఈశ్వరుని. ఎలాంటి ఈశ్వరుని? అప్పుడు మొదటి పాదానికి వెళ్తాం.

మీరు వెనక్కి వెళ్లడంలో వింతేమీ లేదు. ఆ పద్యంలో ‘ఎవ్వని’, ‘ఎవ్వడు’ కలిపి ఏడుసార్లు వస్తాయి. నాలుగో పాదంలో ‘వాని’ తగిలేదాకా ఆ ఏడింటినీ మోసుకుంటూ పోవాలి. పైగా కంటికి ఇంకో తిప్పలు: ‘మూలకారణం’ దగ్గర పాదం తెగి, కింది పాదం ‘బెవ్వడు’ అని మొదలవుతుంది. ‘బెవ్వడు’ ఏ నిఘంటువులోనూ దొరకదు! చెవికి ప్రాస అందుతుంది, కంటికి మాట అందదు. అదే ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ చూడండి. కర్త ముందు, క్రియ చివర, పాదంతోపాటే వాక్యమూ పూర్తి.

↳ అయితే తాత్పర్యం ముందే చదివేస్తే పోతుందిగా?

↳ సగం నిజం. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే పరిశోధకులు బట్టలు ఉతకడం గురించి, ఆ మాట ఎక్కడా రాకుండా, ఒక పేరా రాసి వినిపించారు. విషయం ముందే తెలిసినవాళ్లకు బాగా అర్థమైంది, గుర్తూ ఉంది. విన్నాక చెబితే దాదాపు ఏమీ కలిసి రాలేదు. పద్యం కింద తాత్పర్యం అచ్చువేసే మన అలవాటుకు ఇది కాస్త చురకే.

కానీ ఈ పద్యానికి నేను తాత్పర్యం ముందు పెట్టను. మొర వినేదెవరో ఏనుగుకు తెలియదు, ‘వాని’ కోసం మనమూ ఎదురుచూడాలి. మొసలి నోట చిక్కిన గజేంద్రుడి మొర అన్న ఒక్క ముక్క ముందు చెబితే చాలు.

↳ ఇప్పుడే అలా చదివాను, ఈసారి వెనక్కి వెళ్లలేదు. ‘ఆత్మభవు’, ‘ఈశ్వరు’ వేర్వేరు వ్యక్తులా?

↳ కాదండీ, రెండూ ఆ ‘వాని’ గురించే.