ముగ్గురే ఆటగాళ్లుంటే గోబ్లిన్ల పోరాటాన్ని ఎలా మార్చాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) కథ చెబుతూ నడపడం నాకిదే మొదటిసారి, 2014 నాటి 5వ ఎడిషన్ రూల్స్‌తో. కథ నలుగురైదుగురి కోసం రాసింది, మాకున్నది ముగ్గురే, అందరూ లెవెల్ 1. మొదటి పోరాటంలోనే పొదల్లోంచి నాలుగు గోబ్లిన్లు (చిన్న రాక్షసులు) బాణాలు వేశాయి. 7 హిట్ పాయింట్లే (దెబ్బలు తట్టుకునే శక్తి) ఉన్న విజార్డ్, అంటే మాంత్రికురాలి పాత్ర, తన వంతు రాకముందే పడిపోయింది. ఆ పాత్ర ఆడుతున్న మా చెల్లి డైస్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. చాలా బాధేసింది.

డైస్‌లో పడిన నంబర్ దాచి మార్చడం నాకిష్టం లేదు, వాళ్ల నమ్మకం పోతుంది. మరి గోబ్లిన్లను రెండుకి తగ్గించాలా, లేక రెండు చావగానే మిగతావి పారిపోవాలా? అందరినీ లెవెల్ 2కి పెంచితే తర్వాతి పోరాటాలు మరీ తేలికైపోతాయా? వచ్చే ఆదివారం మళ్లీ ఆడుతున్నాం. ముగ్గురితో నడిపినవాళ్లు ఏం చేశారో దయచేసి చెప్పండి.