‘ఎచ్మియాజిన్’ పేరును తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఆర్మీనియా యాత్రా వ్యాసంలో ఎచ్మియాజిన్ కేథడ్రల్ పేరుకు ‘ఏకైక కుమారుడు అవతరించిన స్థలం’ అని అర్థం రాశాను. ఇది సరిపోతుందా? పక్కనున్న చర్చిల పేర్లను కూడా అనువదించాలా?

జవాబు: ‘అవతరించిన’ అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ధాతువును బట్టి చూస్తే అవతరణమంటే దిగిరావడమే అయినా, తెలుగు పాఠకుడికి ఆ మాట వినగానే దేవుడు మానవజన్మ ఎత్తడమే స్ఫురిస్తుంది. ఈ పేరు వెనుక ఉన్న ఐతిహ్యంలో జననం లేదు. 4వ శతాబ్దారంభంలో తిరిదాత్ రాజును క్రైస్తవంలోకి తెచ్చిన గ్రెగొరీకి దర్శనమిచ్చిన క్రీస్తు, ఆకాశం నుంచి దిగివచ్చి, ఆలయం కట్టవలసిన చోటును చూపుతూ బంగారు సుత్తితో నేలను కొట్టాడని ఆర్మీనియన్లు చెప్పుకుంటారు. కాబట్టి ‘దిగివచ్చిన’ అన్న తేటమాటే మేలు.

పేరులో మొదటి భాగమైన ‘ఎచ్’ దిగిరావడాన్ని చెబుతుంది. రెండో భాగమైన ‘మియాత్సిన్’లో ‘మి’ అంటే ఒకటి, ‘త్సిన్’ అంటే పుట్టుక, అక్షరాలా ‘ఏకజాతుడు’. అయితే యోహాను సువార్త తెలుగు అనువాదంలోని ‘అద్వితీయ కుమారుడు’ మన పాఠకులకు పరిచితమైన మాట కనుక, అందులో పుట్టుక అన్న అర్థం కొంత మరుగున పడినా, నేను దానినే ఎంచుకుంటాను: ‘అద్వితీయ కుమారుడు దిగివచ్చిన చోటు’.

పొరుగు చర్చిలలో 618లో కట్టిన హ్రిప్సిమే, 630లో కట్టిన గయానే హతసాక్షులైన కన్యల పేర్లు కనుక వాటిని అనువదించకూడదు. 1694 నాటి షోఘకత్ సంగతి వేరు: ‘షోఘ్’ కిరణం, ‘కత్’ చుక్క. ‘కాంతిబిందువు’ అనవచ్చు గాని, ‘వెలుగుచుక్క’ నా చెవికి ఇంకా ఇంపుగా ఉంది. గ్రెగొరీ దర్శనంలో బంగారు పీఠం మీద ఒక స్తంభం, రక్తవర్ణపు పీఠాల మీద మూడు స్తంభాలు కనిపించాయంటారు. ప్రధానాలయానికి తోడుగా ఈ మూడు చర్చిలను చూసినవారికి ఆ లెక్క తేలికగా అర్థమవుతుంది.

మరొకరి జవాబు: పై వివరణతో ఏకీభవిస్తున్నాను. ఊరి పేరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 1945 నుంచి 1995 వరకు ఊరిని కూడా ఎచ్మియాజిన్ అనే పిలిచారు. ఆ తరువాత పాతపేరైన వఘర్షపత్‌ను పునరుద్ధరించారు. వాడుకలో రెండూ వినిపిస్తాయి కనుక, వ్యాసంలో ఊరిని వఘర్షపత్ అని, ఆలయాన్ని ఎచ్మియాజిన్ అని విడివిడిగా రాస్తే గందరగోళం ఉండదు.