టెర్మినల్‌కి కిలోమీటరు దూరంలో ఉన్న గేటుకి వైరా, వైర్‌లెస్సా?

గోదారిగట్టు: మధురపూడి లాంటి చిన్న ఎయిర్‌పోర్టు అనుకోండి. టెర్మినల్‌కి కిలోమీటరు అవతల పెరిమీటర్ గేటు, అంటే సరిహద్దు గోడ గేటు. అక్కడ కార్డు రీడరు పెట్టాలి, కార్డులివ్వడం, తీసెయ్యడం వెబ్ పేజీలోంచే జరగాలి. రన్‌వే పక్కన తవ్వకాలకి పర్మిషన్ తేలిక కాదు. 5 గిగాహెర్ట్జ్ రేడియో లింకు పెడితే తప్పేంటి?

రామచంద్రపురం కేబుల్: సెక్యూరిటీ గేటుకి గాలిలో లింకేంటండీ? ఆరు కోర్ల ఆర్మర్డ్ ఫైబర్ (ఇనప తొడుగున్న గాజుతీగ కేబుల్) తీసుకుని హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో మీటరు లోతున వెయ్యండి. రాగి వద్దు. రాగి మీద ఈథర్నెట్, అంటే మామూలు నెట్‌వర్క్ కేబుల్, 100 మీటర్లకే ఆగిపోద్ది. ఆర్ఎస్-485 అనే సీరియల్ లైను అయితే 1200 మీటర్ల దాకా లాగుద్ది గానీ, దగ్గర్లో పిడుగు పడితే రెండు చివర్లా బోర్డులు పోతాయి.

కాకినాడ యాంటెన్నా: ఆర్మర్ ఇనుమే కదండీ! ఎర్త్ చెయ్యకుండా ర్యాకులోకి తెస్తే పిడుగు దాని మీదుగానే వస్తుంది. పైగా మన డెల్టాలో వానాకాలం కాస్త తవ్వితే నీళ్ళు. జాయింట్ ఛాంబరు నిండితే, గ్లాండు (కేబుల్ దూరే చోటి సీలు) వదులుగా ఉన్న క్లోజర్లోకి, అంటే జాయింటు డబ్బాలోకి, నీళ్ళు దిగుతాయి. రేడియోకి కావలసింది రెండు చివర్లూ ఒకదానికొకటి అడ్డు లేకుండా కనబడటం. కిలోమీటరు లింకుకి నడిమధ్య ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్‌కి చుట్టూ కావలసిన ఖాళీ జాగా) వ్యాసార్ధం 3.7 మీటర్లు, అందులో 60 శాతం ఖాళీ ఉంటే చాలు. పోలు ఎత్తుకి మాత్రం ముందే అనుమతి తీసుకోండి.

రామచంద్రపురం కేబుల్: బయట కూర్చుని ఎవడైనా డీఆథ్ ప్యాకెట్లు, అంటే లింకుని తెంచే దొంగ సందేశాలు, వదిలితే?

కాకినాడ యాంటెన్నా: డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రత పెడితే అవి చెల్లవు. జామింగ్, అంటే రొద సిగ్నల్‌తో లింకుని ముంచెయ్యడం, ఆపలేం, నిజమే. కానీ లింకు పడిపోయినంత మాత్రాన గేటు దానంతటదే తెరుచుకోదండీ. కార్డుల లిస్టు గేటు దగ్గరి కంట్రోలర్లోనే, అంటే కార్డు చూసి లాకు తీసే పెట్టెలోనే, ఉంటుంది.

తణుకు బ్యాటరీ: మాగ్నెటిక్ లాకు పెట్టారో, బ్యాటరీ అయిపోగానే గేటు బార్లా! లాకుకి 0.5, రేడియోకి 0.4, కంట్రోలరుకి 0.2, రీడరుకి 0.1, మొత్తం 1.2 ఆంపియర్లు. 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ ఆరు గంటలు కూడా రాదు. తుఫానుకి కరెంటు రోజంతా పోతుంది మన దగ్గర. కరెంటు పోయినా మూసే ఉండే మోటారు లాకు వెయ్యండి, లోపలి నుంచి తాళంచెవితో తీసేలా.

భీమవరం: ఫాలోయింగ్.

రామచంద్రపురం కేబుల్: లిస్టు గేటులో ఉంటుందన్నారుగా, నా గొడవే అది. మధ్యాహ్నం కాంట్రాక్టు కూలీ కార్డు రద్దు చేశారు. లింకు లేదు. సాయంత్రం అదే కార్డుతో లోపలికొచ్చేస్తాడు!

కాకినాడ యాంటెన్నా: ఫైబర్ తెగినా జరిగేది అదే. ఊరికే రేడియోని తిట్టకండి.

రామచంద్రపురం కేబుల్: తిడతానండి! లింకు అమ్మేసి, అడ్మిన్ పాస్‌వర్డు తమ దగ్గరే పెట్టుకుని, ఫోను చేస్తే ఎత్తనివాళ్ళని చూసి చూసి విసుగెత్తింది. కార్డు రద్దు చెయ్యాలంటే సెక్యూరిటీ ఆఫీసరు వెండర్ని బతిమాలుకోవాలా?

మలికిపురం లాగ్స్: ఇద్దరూ కేబుల్ దగ్గరే కొట్టుకుంటున్నారు, అసలు తగువు పాస్‌వర్డుది. కాంట్రాక్టు కార్డుకి ముందే గడువు వెయ్యండి, రోజూ సాయంత్రం 6కి చచ్చిపోయేలా. లింకు లేకపోయినా కంట్రోలరు తన గడియారం చూసి ఆపేస్తుంది. అందులో గడియారాన్ని నడిపే కాయిన్ సెల్ అయిపోయి, కరెంటు కూడా పోయి వస్తే తేదీ వెనక్కి పోతుంది, గడువు దాటిన కార్డూ పనిచేస్తుంది. అందుకే సెల్ ఏటా మార్చాలి, తేదీ తప్పితే అలారం రావాలి. కార్డులు డెస్‌ఫైర్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న రకం) తీసుకోండి. పాత 125 కిలోహెర్ట్జ్‌వి నిమిషంలో కాపీ అవుతాయి. వెబ్ పేజీని ఇంటర్నెట్‌కి తెరవద్దు, వీపీఎన్ అనే రక్షిత దారిలోంచే రావాలి.

కాకినాడ యాంటెన్నా: గడువు సంగతి ఒప్పుకుంటాను. వెండర్ లాగిన్ తీసేస్తే రాత్రి రెండింటికి గేటు ఇరుక్కున్నప్పుడు ఎవరు చూస్తారు?

రామచంద్రపురం కేబుల్: డ్యూటీ ఆఫీసరు తాళంచెవితో తీస్తాడు. వెండర్‌కి లాగిన్ కావాలంటే ఆయనే రెండు గంటల పాటు తెరిచి, పనవ్వగానే మూసేస్తాడు. దీనికి ఒప్పుకునే వెండరుంటే రేడియో పెట్టుకోండి, నేను అడ్డురాను.