చంద్రుడి మీద జాగా కోసం దేశాలు తగువు పడితే తీర్చేదెవరు?
అంతరిక్ష చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. చంద్రయాన్-3 దిగినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను తొలిచేస్తోంది.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశం సొత్తూ కాదు. సరే. కానీ ఇప్పుడు అందరి కన్నూ దక్షిణ ధ్రువం మీదే. అక్కడ షాకిల్టన్ బిలం అంచున ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ ఉంటుంది, సోలార్ ప్యానెళ్లకు అంతకన్నా ఏం కావాలి? బిలం అడుగున మాత్రం ఎండ ఎప్పుడూ పడదు, అందుకే మంచు ఉండొచ్చని ఆశ. ఇలాంటి చోట్లు చాలా కొద్ది. మనుషుల్ని మళ్లీ చంద్రుడి మీదికి పంపే అమెరికా ఆర్టెమిస్ కార్యక్రమం, చైనా-రష్యాలు కట్టాలనుకుంటున్న స్థావరం రెండూ ఆ చుట్టుపక్కలకే వెళ్లాలనుకుంటున్నాయి.

అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాల్లో 'సేఫ్టీ జోన్' అని ఉంది, అంటే ఒక దేశం పనిచేసే చోటు చుట్టూ మిగతావాళ్లు ఆ పనికి అడ్డురాకుండా చూసుకోవాల్సిన ప్రాంతం. ఆ ఒప్పందాల మీద మన దేశం 2023 జూన్‌లో సంతకం పెట్టింది, చైనా, రష్యా పెట్టలేదు. జోన్ తాత్కాలికమే అంటారు. కానీ ముందు దిగినవాళ్లు పని ఆపకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంటే, పట్టా లేని పొలానికి కంచె వేసుకున్నట్టే కదా? సంతకం పెట్టని దేశం ఆ కంచెను ఎందుకు లెక్కచేయాలి?

1967 ఒప్పందంలోని తొమ్మిదో ఆర్టికల్ ముందుగా సంప్రదించుకోమంటుంది. ఆ మాటలు తెగకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? అంతర్జాతీయ న్యాయస్థానానికి రెండు పక్షాలూ ఒప్పుకోకపోతే ఇంకే దారైనా ఉందా?