‘ప్రభావం పడింది’ అనాలా, ‘ఒరవడి దిద్దారు’ అనాలా?

ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్ తొలినాళ్ల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ‘వారిపై చక్ బెర్రీ ప్రభావం ఉంది, లిటిల్ రిచర్డ్ ప్రభావం ఉంది, బడ్డీ హాలీ ప్రభావం ఉంది’ అని ముగ్గురు అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుల పేర్లు రాసేసరికి కలం ఆగిపోయింది. ప్రభావం ఎండలా, వానలా మీద పడేది. ఈ లివర్‌పూల్ కుర్రాళ్లు అలా ఊరికే తడిసినవాళ్లు కారు. అమెరికా రికార్డులు వెతికి పట్టుకుని, పదే పదే విని, ఆ పాటలను వేళ్లకు ఎక్కించుకున్నవాళ్లు.

ఆ పనికి మనకు చక్కని మాట ఉంది. పలక మీద గురువు రాసి ఇచ్చే అక్షరం ఒరవడి. పిల్లవాడు బలపంతో దాని మీదే దిద్దుతాడు. పది సార్లు దిద్దేసరికి గీత లావెక్కి, గురువుగారి అక్షరం అడుగున పడిపోతుంది. 1958లో, ఇంకా క్వారీమెన్ అనే పేరుతో ఉన్నప్పుడు, వీళ్లు సొంత ఊళ్లో ఒక ఇంటి స్టూడియోలో తొలి రికార్డు చేసుకున్నారు. ఒక వైపు బడ్డీ హాలీ పాట. రెండో వైపు బృందంలోని పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్‌ల పేర్లతో సొంత పాట. ఒకే డిస్కు మీద ఇటు ఒరవడి, అటు సొంత దస్తూరి!

స్పందన: ‘అనుకరణ’ అంటే సరిపోదా అండీ?

సరిపోదండీ. అనుకరించేవాడు మూలాన్ని దాటాలనుకోడు. 1957 జూలై 6న లివర్‌పూల్‌లోని ఊల్టన్ చర్చి ఉత్సవంలో, క్వారీమెన్ నాయకుడు జాన్ లెనన్ అమెరికా బృందం డెల్ వైకింగ్స్ పాట పాడాడు. మాటలు సరిగ్గా రావు. తోచినవి వేసుకుంటూ సాగించాడు. వేళ్లేమో గిటారు మీద బాంజో అనే మరో తీగల వాయిద్యపు పట్లే పడుతున్నాయి, తల్లి జూలియా నేర్పినవి అవే మరి. అదంతా చూసిన 15 ఏళ్ల పాల్‌కు ఆ దృశ్యం గుర్తుండిపోయింది. దిద్దుతూ దిద్దుతూ గీత దాటిన చేయి అది. ‘అనుకరణ’లో ఆ చేయి కనిపించదు.

స్పందన: కానీ పత్రికల్లో ‘కొత్త ఒరవడి సృష్టించారు’ అంటే ట్రెండ్ అనే కదా అర్థం. మీ పాఠకులు తలకిందులుగా తీసుకోరా?

ఇది ఆలోచించవలసిన అభ్యంతరమే. నాకు తోచినంతలో అర్థాన్ని నిలబెట్టేది క్రియ. ఒరవడి పెట్టేవాడు గురువు, దిద్దేవాడు శిష్యుడు. పత్రికల ‘సృష్టించడం’ ఆ పెట్టడానికే మరో రూపం. కాబట్టి ‘బీటిల్స్ ఒరవడి’ అని ఒంటరిగా వదలను, ‘బెర్రీ పెట్టిన ఒరవడి మీద దిద్దారు’ అని రాస్తాను. ‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’ పాటలో బేస్ (మంద్ర స్వరాల గిటారు) వరస బెర్రీ పాట నుంచి స్వరం మారకుండా తెచ్చుకున్నదేనని పాల్ స్వయంగా చెప్పాడు. ఆ పాటతో మొదలయ్యే 1963 నాటి తొలి ఆల్బమ్‌లోని 14 పాటల్లో 6 ఇతరులవి, 8 సొంతవి. దిద్దడమూ పెట్టడమూ పక్కపక్కనే సాగాయి.

ఒక్క ‘స్కిఫుల్’కు మాత్రం మాట దొరకలేదు. 1956లో లోనీ డోనెగన్ పాట విని ఇంగ్లండు కుర్రకారు పట్టుకున్న సంగీతం అది. బట్టలు రుద్దే గరుకు పలక తాళం, టీ పెట్టెకు కర్ర, తాడు కట్టుకుంటే బేస్. క్వారీమెన్ మొదలైంది దానితోనే. వ్యాసంలో ‘స్కిఫుల్’ అనే ఉంచి, పక్కన ఆ టీ పెట్టె బొమ్మ వేయిస్తున్నాను.