బోరు నీళ్ళు 850 టీడీఎస్: పోల్‌తో కడిగిన అద్దాల మీద తెల్ల చుక్కలు, చారలు ఎందుకు?

కొండాపూర్_సైట్

నమస్కారం అండీ. గ్రౌండ్ ప్లస్ త్రీ ఆఫీసు బిల్డింగ్. ముందు వైపంతా గాజు, రెండు పక్కలా అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు. జూలా (తాళ్ళతో వేలాడే ఊయల) కట్టకుండా, కింద నిలబడే వాటర్ ఫెడ్ పోల్‌తో (కొసన బ్రష్, లోపల నీళ్ళ ట్యూబు ఉన్న పొడవాటి కర్ర) కడుగుతున్నాం.

సామాను: 12 మీటర్ల పోల్ (కార్బన్, గ్లాస్ ఫైబర్ కలిసినది), రెండు జెట్ల బ్రష్, 12 వోల్టుల పంపు, 10 లీటర్ల మిక్స్‌డ్ బెడ్ రెసిన్ (నీటిలోని లవణాలను పట్టేసే గుళికలు) సిలిండర్. సంపులోని బోరు నీళ్ళు నేరుగా రెసిన్‌లోకి వెళ్తాయి. బోరు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 850.

పొద్దున కడిగినవి శుభ్రంగా ఆరుతున్నాయి. పదకొండు దాటాక కడిగినవాటి మీద సన్నటి తెల్ల చుక్కలు. పక్క కిటికీల మీద పైనుంచి కిందికి పాలు కారినట్టు చారలు. ఒకటి రెండు చోట్ల నీళ్ళు గదిలోకే వచ్చాయి. రెసిన్ ఇంత తొందరగా అయిపోతుందా? బిల్డింగ్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది, ఆ నీళ్ళు వాడొచ్చా? చారలు నీళ్ళ వల్లా, మేం బ్రష్ పట్టే తీరు వల్లా?

నీళ్ళ_లెక్క

అయిపోతుందండీ, లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. మిక్స్‌డ్ బెడ్ రెసిన్ లీటరుకు సుమారు 20 నుంచి 25 గ్రాముల లవణాలు పడుతుంది. మీది 10 లీటర్లు, అంటే 200 నుంచి 250 గ్రాములు. 850 టీడీఎస్ అంటే లీటరు నీటిలో 0.85 గ్రాము. భాగిస్తే 235 నుంచి 295 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు వదిలితే రెండు గంటల పైచిలుకు. పొద్దున బాగుండి పదకొండుకు పాడైందంటే కారణం ఇదే. ఈ పద్ధతిలో రోజూ రెసిన్ మారుస్తూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

సాఫ్ట్‌నర్ నీళ్ళు నేరుగా వాడొద్దు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి చోట సోడియం ఇస్తుంది. సబ్బు బాగా నురగ వస్తుంది, గీజర్‌లో పొలుసు కట్టదు, కానీ టీడీఎస్ తగ్గదు. మీటర్ పెట్టి చూడండి, 850 దగ్గరే ఉంటుంది. ఆ నీరు అద్దం మీద ఆరితే సోడియం లవణాల మరక పడుతుంది. తడిగుడ్డకు పోతుంది నిజమే, కానీ మూడో అంతస్తు అద్దానికి గుడ్డ ఎవరు పెడతారు? ఆ సాఫ్ట్‌నర్‌కు సరైన చోటు ఆర్‌ఓకు (మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా నీటిని ఒత్తిడితో తోసి లవణాలను ఆపే యంత్రం) ముందు. మెంబ్రేన్ మీద సున్నం కట్టకుండా కాపాడుతుంది.

మీరు పెట్టాల్సిన వరస: సాఫ్ట్‌నర్ నీళ్ళు, 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, ఆర్‌ఓ, ఆఖరున మీ రెసిన్. బోరు ఒక్కటే అయితే కార్బన్ అంత అవసరం పడదు గానీ, సంపులో మునిసిపల్ నీళ్ళు కలిసినా, ఎవరైనా బ్లీచింగ్ వేసినా క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, మళ్ళీ బాగుపడదు. కార్బన్ ఉంచండి.

ఆర్‌ఓ బాగా పనిచేస్తే 850 కాస్తా 40 దగ్గరికి దిగుతుంది. అప్పుడు అదే 10 లీటర్ల రెసిన్ కాగితం మీద 5,000 లీటర్లు ఇవ్వాలి. చేతికి కాస్త తక్కువే వస్తుంది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను మెంబ్రేన్ ఆపలేదు, అది రెసిన్‌లోని యానయాన్ (రుణ అయాన్లను పట్టే) భాగాన్ని తింటుంది. 4,000 అనుకుని ప్లాన్ చేసుకోండి.

ఇంట్లో వాడే 100 జీపీడీ (రోజుకు 100 గ్యాలన్లు) మెంబ్రేన్‌తో మాత్రం పని కాదు. గంటకు 16 లీటర్లు దాటదు. రోజంతా ఒక్క పోల్ నడిస్తే 400 నుంచి 500 లీటర్లు కావాలి. గంటకు 250 లీటర్లిచ్చే చిన్న ప్లాంట్ తీసుకుని రాత్రి 500 లీటర్ల ట్యాంకు నింపుకోండి. తాగునీటికని అమ్మే ప్లాంట్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక వాల్వు, కొన్నిటిలో మినరల్ కాట్రిడ్జ్ ఉంటాయి. రుచి కోసం పచ్చి నీటిని కొంచెం కలిపే ఏర్పాటు అది. దాన్ని పూర్తిగా మూసేయండి, కాట్రిడ్జ్ తీసేయండి. చాలామంది ఇది చూడక, మెంబ్రేన్ చెడిపోయిందనుకుని కొత్తది కొంటారు.

ఆర్‌ఓ స్టార్ట్ చేయగానే మొదటి ఐదు నిమిషాల నీళ్ళు ట్యాంకులోకి వెళ్ళనివ్వొద్దు. ఆగి ఉన్నప్పుడు లవణాలు మెల్లగా ఇవతలికి వస్తాయి, మొదట టీడీఎస్ ఎక్కువే చూపిస్తుంది. మే నెలలో ఇంకో చిక్కు. నీరు వేడెక్కేకొద్దీ మెంబ్రేన్ ఎక్కువ నీళ్ళిస్తుంది, లవణాలనూ ఎక్కువ వదులుతుంది. మామూలు మెంబ్రేన్లకు 45 డిగ్రీలు హద్దు. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు కాకుండా సంపు నీళ్ళే వాడండి.

రిజెక్ట్ నీళ్ళు (ఆర్‌ఓ లవణాలతో పాటు బయటికి వదిలేసేవి) కనీసం మంచి నీళ్ళంత వస్తాయి. ఫ్లష్ ట్యాంకులకు, పార్కింగ్ కడగడానికి మళ్ళించండి. మొక్కలకు పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది.

గాజుపని

నీళ్ళ సంగతి పైన అన్నగారు పూర్తిగా చెప్పారు. చారలు నీళ్ళవా, చేతి పనివా అన్నది తేల్చుకోవడం తేలిక. జెట్ దగ్గర, అంటే పోల్ చివర, నీళ్ళు పట్టి శుభ్రంగా తుడిచిన అద్దం ముక్క మీద నాలుగు చుక్కలు వేసి నీడలో ఆరనివ్వండి. అంచు గీసినట్టు తెల్లటి వలయం మిగిలితే తప్పు నీళ్ళది. ఏమీ మిగలకపోతే తప్పు ఫ్రేముది, లేదా కడిగే తీరుది. కిటికీ మీద కూడా తెలిసిపోతుంది. నీళ్ళ తప్పయితే చుక్కలు అద్దమంతా సమానంగా పడతాయి. పైనుంచి మొదలై కిందికి జారే చారలైతే అది పై ఫ్రేములోంచి, రబ్బర్ బీడింగ్ (అద్దం చుట్టూ ఉండే పట్టీ) లోంచి వచ్చిన మురికి.

మీ పక్క కిటికీలవి రెండో రకం. తడి వేలితో ఫ్రేమును రుద్ది చూడండి. వేలికి తెల్లగా అంటితే పౌడర్ కోటింగ్ ఎండకు పొడిబారింది. బ్రష్ తగిలినప్పుడల్లా ఆ పొడి నీళ్ళలో కలిసి అద్దం మీదికి దిగుతుంది. అలాంటి ఫ్రేములను ప్రతిసారీ రుద్దొద్దు. ఒకసారి విడిగా, లోపలినుంచి చెయ్యి అందే చోట గుడ్డతో తుడిపించి, ఆ తర్వాత పోల్ పనిలో బ్రష్‌ను అద్దానికే పరిమితం చేయండి.

కడిగే వరస కూడా ముఖ్యమే. మొదట పై సజ్జ మీద దుమ్ము, పావురాల రెట్ట ఉంటే దాన్ని ముందు దించేయండి. అద్దం కడిగాక సజ్జ తడిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత, ఫ్రేము పొడిబారనిదైతే, పై ఫ్రేము, బీడింగ్‌ను అడ్డంగా పొట్టి పొట్టిగా రుద్దండి. పక్క ఫ్రేములు. ఒక నిమిషం కారనివ్వండి. అప్పుడు అద్దాన్ని పైనుంచి కిందికి నిలువుగా, ఒక గీత మీద ఇంకో గీత మూడో వంతు పడేలా రుద్దండి. చివరగా కింది పట్టీ. ఆ మురికంతా దిగాక చివరి కడుగు. ఇందులో బ్రష్ పై బీడింగ్‌కు అంగుళం కింద మొదలవ్వాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. చివర్లో మళ్ళీ ఫ్రేము తాకితే అందులో దాగిన నల్లటి నీళ్ళు పది నిమిషాల తర్వాత, మీరు పక్క కిటికీకి వెళ్ళాక దిగుతాయి.

చివరి కడుగుకు బ్రష్ అద్దానికి ఆనించాలా, ఎత్తాలా అన్నది అద్దాన్ని బట్టి. నీళ్ళు పొరలా పరుచుకుంటే బ్రష్ ఎత్తి జెట్లతో పైనుంచి దింపండి. నీళ్ళు పూసల్లా విడిపోతుంటే పొర దిగదు, మధ్యలో మురికి మిగులుతుంది. అప్పుడు వెంట్రుకలు తాకీ తాకనట్టు ఆనించి మెల్లగా దింపండి, నీళ్ళు కొంచెం పెంచండి. ఫ్యాన్ జెట్లు (నీళ్ళను విసనకర్రలా వెడల్పుగా పరిచేవి) ఉంటే అలాంటి అద్దాలకు ఇంకా మంచిది.

బ్రష్‌ను గట్టిగా అదమొద్దు. అదిమితే వెంట్రుకలు పక్కకు వాలిపోయి వాటి కొసలు రుద్దవు, జెట్లు కూడా తప్పు కోణంలో కొడతాయి. రెట్ట ఎండి గట్టిపడితే బలంతో కాదు, నీళ్ళు పట్టించి రెండు నిమిషాలు నాననిచ్చి వదిలించండి. మూడో అంతస్తుకు గోడనుంచి రెండున్నర, మూడు మీటర్ల దూరంలో నిలబడితే మెడ మీద భారం పడదు, బ్రష్ కూడా సరిగా ఆనుతుంది. పోల్ తెరిచేటప్పుడు సన్నటి పై భాగాల నుంచి మొదలుపెట్టండి, లావు భాగాలు ఆఖరున.

ఎండ సంగతి చెప్పక తప్పదు. పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు. కాలిన గాజు మీద మురికి నీళ్ళు దిగేలోపే ఆరిపోతాయి, ఇక మీ నీళ్ళు సున్నా టీడీఎస్ అయినా మరక తప్పదు.

మియాపూర్_ఎఫ్ఎం

స్లైడింగ్ కిటికీల్లో నీళ్ళు లోపలికి రావడానికి తొంభై పాళ్ళు కింది ట్రాక్ కారణం. బయటి వైపు ట్రాక్‌లో నీళ్ళు పోయే చిన్న చిన్న రంధ్రాలుంటాయి, దుమ్ముతో మూసుకుపోతాయి. కడిగే ముందురోజు లోపలినుంచి సన్నటి తీగతో పొడిచి, కప్పు నీళ్ళు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. రెండు షట్టర్లు కలిసే నిలువు సందు మీద జెట్ నేరుగా కొట్టొద్దు, అక్కడుండేది ఉన్ని పట్టీ, నీటిని ఆపదు. స్లైడింగ్ వరకు నీళ్ళు నిమిషానికి లీటరుకు తగ్గించండి. దోమల జాలి షట్టర్ బయటి ట్రాక్‌లో ఉంటే ముందు పక్కకు జరపాలి, లేకపోతే జాలి దుమ్మంతా అద్దం మీదే. గ్రిల్ ఉన్న కిటికీలకు పోల్ పనికిరాదు, చేత్తోనే.

ఇంకొక్క మాట. కొంచెం లిక్విడ్ సోప్ ట్యాంకులో కలిపితే పని తొందరగా అవుతుంది కదా, ఎవరూ చెప్పలేదు?

గాజుపని

ట్యాంకులో వద్దండీ. సబ్బు కలిపితే కడిగే నీళ్ళే కలుషితం, పంపులో, పైపులో, బ్రష్‌లో వారం రోజులు మిగిలి ఉంటుంది. అద్దం మీద జిగట పొర నిలిచి దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. అసలు ఇదివరకు సబ్బుతో, వైపర్‌తో కడిగిన అద్దాల అంచుల్లో పాత సబ్బు ఉంటుంది. మొదటిసారి పోల్‌తో కడిగినప్పుడు చారలు రావడానికి అదొక కారణం. అందుకే మొదటిసారి ప్రతి అద్దాన్నీ రెండుసార్లు కడగాలి, కొటేషన్ కూడా అలాగే వేయండి.

లైన్‌మన్_కొడుకు

మీది కార్బన్ కలిసిన పోల్ అన్నారు. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది, చాలామందికి ఈ విషయం తెలియదు. అల్యూమినియం సంగతి సరేసరి. గ్లాస్ ఫైబర్ ఇన్సులేటర్ కదా అని ధైర్యం వద్దు, తడిసిన పోల్‌కు, లోపల నీళ్ళున్న ట్యూబుకు ఆ నమ్మకం చెల్లదు. మన వీధుల్లో 11 కేవీ తీగలు బాల్కనీల పక్కనే వెళ్తుంటాయి. పోల్ పూర్తిగా తెరిచి ఏ దిక్కుకు పడిపోయినా తీగ అందని దూరం ఉంటేనే పని. లేదంటే ఆ వైపు వదిలేయండి, లేదా విద్యుత్ సంస్థకు రాసి లైన్ ఆపించండి. ఒక చోటునుంచి ఇంకో చోటుకు వెళ్ళేటప్పుడు పోల్ మడిచి అడ్డంగా పట్టుకుని నడవాలి.

పంపు 12 వోల్టుల బ్యాటరీ మీదే నడపండి. ఆర్‌ఓ మోటరుకు మాత్రం 230 వోల్టులు తప్పదు. దానికి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. 500 లీటర్ల ట్యాంకు టాటా ఏస్‌లో పెడితే అది అర టన్ను బరువు, బ్రేక్ వేసినప్పుడు ముందుకు వస్తుంది. బెల్టులతో కాదు, చట్రానికి బోల్టు చేయించండి.

కొండాపూర్_సైట్

అందరికీ ధన్యవాదాలు అండీ. అద్దం ముక్క మీద చుక్కల పరీక్ష చేశాం. పొద్దున నీటికి ఏమీ లేదు, పదకొండు నీటికి వలయాలు వచ్చాయి. ఆర్‌ఓ కొటేషన్ అడిగాం. రెండు సందేహాలు. రెసిన్ ఎప్పుడు మార్చాలి, మీటర్ 10 చూపించే దాకా ఆగొచ్చా? ముందు గాజు కింది వరసలో లాన్ స్ప్రింక్లర్ నీళ్ళు పడి గట్టిగా తెల్లమరకలు ఉన్నాయి, ప్యూర్ వాటర్‌తో పోతాయా?

నీళ్ళ_లెక్క

లేత గాజుకు 10 వరకు నడుస్తుంది. మీది ముదురు రంగు రిఫ్లెక్టివ్ గాజయితే 5 దాటగానే మార్చండి, దాని మీద చిన్న చుక్క కూడా కనిపిస్తుంది. ఇంకో కిటుకు: రెసిన్ అయిపోతున్నప్పుడు ముందుగా జారిపోయేది సిలికా. అది నీటిలో అయాన్‌గా (విద్యుత్ ఆవేశం ఉన్న కణంగా) ఉండదు కాబట్టి టీడీఎస్ మీటర్‌కు కనపడదు. మన గ్రానైట్ రాళ్ళ మధ్యనుంచి వచ్చే బోరు నీళ్ళలో సిలికా ఉంటుంది. మీటర్ 1, 2 చూపిస్తున్నా చుక్కలు మొదలైతే మీటర్‌తో వాదించకుండా రెసిన్ మార్చేయండి. ఒక సిలిండర్ బదులు రెండు చిన్నవి వరసగా పెట్టుకుంటే ఇంకా మేలు. మొదటిది అయిపోగానే రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తది వెనక పెట్టాలి. రెసిన్ చేపల వాసన కొడితే అది పూర్తిగా పాడైనట్టే.

గాజుపని

స్ప్రింక్లర్ మరకలు ప్యూర్ వాటర్‌తో పోవు. అది గట్టిపడిన సున్నం, దానికి తేలికపాటి యాసిడ్ ఉన్న స్కేల్ రిమూవర్ కావాలి. అది కూడా చేత్తో, చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని. పోల్‌తో పైకి కొడితే మీ ముఖం మీదే పడుతుంది. మూలలో అరచేతంత చోట ముందు పరీక్షించండి. అల్యూమినియం ఫ్రేముకు, గ్రానైట్, మార్బుల్‌కు తగలనివ్వొద్దు, టేపు వేసి కప్పండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్నది ఎంత చవగ్గా దొరికినా ముట్టుకోవద్దు, గాజునూ తింటుంది, చర్మంలోంచి ఎముకదాకా వెళ్తుంది. రిఫ్లెక్టివ్ కోటింగ్ బయటి వైపే ఉంటే బ్లేడు, స్కేల్ రిమూవర్ రెండూ ఆపి గాజు సప్లయర్‌ను అడగండి. వేలి గోరు అంచుకు మరక తగలక, గాజే గరుకుగా అనిపిస్తే సున్నం గాజును తినేసినట్టు. అప్పుడు సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ చేయించాలి, అది వేరే పని, వేరే ఖర్చు. ముందుగా స్ప్రింక్లర్ తలను గాజునుంచి పక్కకు తిప్పించండి, లేదంటే నెల తిరక్కుండా మళ్ళీ అదే మరక.