సమస్యాపూరణం: కట్టివేయకున్న కదలు బొమ్మ

నిర్వహణ: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

*కట్టివేయకున్న కదలు బొమ్మ*

నేపథ్యం గ్రీకు పురాణ శిల్పి డేడలస్. ఏథెన్సులో పుట్టాడు. మేనల్లుడి పనితనం చూసి ఓర్వలేక అక్రొపొలిస్ మీది నుంచి తోసేశాడని, ఆ నేరానికి ఊరు విడిచి క్రీటు ద్వీపం చేరాడని కథ. అక్కడ మైనోస్ రాజుకు చిక్కుదారుల లాబిరింత్ కట్టాడు. అతడు చేసిన బొమ్మలను కట్టి ఉంచకపోతే లేచి వెళ్ళిపోతాయని గ్రీకులు చెప్పుకునేవారు. పురాణ కథనే తిరగచెప్పకుండా, బొమ్మ ఎందుకు కదిలిందో పద్యంలోనే తేల్చే పూరణలు కావాలి.

తుంగభద్ర:

కనులు తెరచి కాళ్ళు కదలించి నిలిపిన
శిల్పి డేడలస్సు చేతి మహిమ;
దారు మూర్తి లేచి దారి పట్టు నటంచు
కట్టివేయకున్న కదలు బొమ్మ.

నిర్వహణ: తుంగభద్ర గారూ, మొదటి రెండు పాదాలలో అసలు విషయం పట్టుకున్నారు. క్రీ.పూ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు డయొడోరస్ కూడా సరిగ్గా ఇదే అంటాడు. అంతకు ముందు బొమ్మలకు కళ్ళు మూసి, చేతులు పక్కలకు అతికించి చేసేవారట. కళ్ళు తెరిపించి, కాళ్ళు విడదీసి, చేతులు చాపించినవాడు డేడలస్ అట. ఇబ్బంది మూడో పాదంతో వచ్చింది. 'లేచి దారి పట్టు' అన్నాక 'కదలు' అనడం పునరుక్తి. సమస్య చెప్పాల్సిన మాటను మీరు ముందే చెప్పేశారు. ఇలా మారిస్తే ఎలా ఉంటుందో చూడండి:

దారు మూర్తి కనగ దడ పుట్టు జనులకు

ఇప్పుడు చివరి పాదం ఆ జనుల నోటి మాట అవుతుంది.

తుంగభద్ర: బాగుందండీ, స్వీకరిస్తున్నాను. నా మాటను జనుల భయంగా మార్చడం నాకు తట్టలేదు.

వెన్నెలబాట: ఒక సందేహం. క్రీ.పూ. 7వ శతాబ్దపు గ్రీకు శిల్పాన్ని చరిత్రకారులు 'డేడలిక్' శైలి అంటారు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో 'ఆక్సేర్ మహిళ' అనే సున్నపురాయి బొమ్మ ఉంది, పీఠంతో కలిపి ముప్పావు మీటరు ఎత్తు. త్రికోణం లాంటి ముఖం, పొరలు పొరలుగా జుట్టు, నిటారుగా నిలబడిన దేహం. కాళ్ళు వస్త్రం కింద ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. అది ఏ మాత్రం కదిలేలా లేదు. డేడలస్ పేరు పెట్టుకున్న శైలే ఇంత బిగుసుకుని ఉంటే సమస్యలోని మాటకు ఆధారం ఏమిటి?

నిర్వహణ: అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆ పేరు ఆధునిక పండితులు పెట్టింది. డేడలస్‌కు ఆపాదించిన మూర్తులలో చాలావరకు కొయ్యవి, కాలానికి నిలవలేదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో పాసనియాస్ అనే యాత్రికుడు ఆ పేరు మీద చూపించిన కొన్ని మూర్తులను చూసి, చూపుకు మొరటుగా ఉన్నా వాటిలో ఏదో దైవత్వం ఉందని రాశాడు. నా అభిప్రాయం ఇది: తరాల తరబడి ఎందరో పనివాళ్ళు చేసిన పనిని గ్రీకులు ఒక్క మనిషి పేరు మీద రాసుకున్నారు. ఒకచోట కాలు కదిలింది, మరోచోట చెయ్యి విడివడింది. క్రీ.పూ. 480 ప్రాంతపు 'క్రిటియోస్ బాలుడి' దగ్గరికి వచ్చేసరికి బరువంతా ఒక కాలి మీద మోపి, నడుము కాస్త వాల్చి నిలబడిన పాలరాతి దేహం కనిపిస్తుంది. దాన్ని చూసినవారు ఊపిరి ఉందని నమ్మితే తప్పు పట్టలేం. ఆ నమ్మకాన్నంతా వెనక్కి తీసుకెళ్ళి మొదటి శిల్పికి కట్టబెట్టారు. పేరు లేని ఆ పనివాళ్ళందరికీ ఒక పూరణ బాకీ ఉన్నాం.

వెన్నెలబాట: అయితే ఆ బాకీ నేనే తీరుస్తాను.

ఎడమ కాలు ముందు కిడినను నడువదు
రాతి కట్టు వీడి రాని వరకు;
ఉలికి తెలిసె మర్మ మొక్కటే యిచ్చోట:
కట్టివేయకున్న కదలు బొమ్మ.

నిర్వహణ: ఈ వారానికి ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ. 'కట్టు' అనే మాటను తాడు నుంచి తప్పించి రాతికి తగిలించారు. ఈజిప్టు శిల్పులు ఎడమ కాలు ముందుకు పెట్టిన మూర్తులనే చెక్కారు. కానీ వీపు వెనక రాతి స్తంభాన్ని, కాళ్ళ మధ్య, చేతుల పక్కన రాతిని అలాగే ఉంచేవారు. గ్రీకులు ఆ నిలువు భంగిమను అందుకుని, 'కూరోస్' యువక మూర్తులలో ఆ మధ్య రాతిని తొలిచి పారేశారు. మోకాళ్ళ నడుమ వెలుగు కనబడింది. చరిత్ర పుస్తకం ఒక పేజీ తీసుకునే సంగతి మీ రెండు పాదాలలో ఉంది. డేడలస్ పేరు ఎత్తకపోవడం కూడా సరైనదే.

పద్యప్రియ: నాది తత్త్వం వైపు వెళ్ళింది.

తలపు నిజమె యైన తర్కంపు బంధాన
నిలుపకున్న వేళ నిలువ దెపుడు;
సోక్రటీసు చెప్పె ఇట్టి సామ్యమ్మును:
కట్టివేయకున్న కదలు బొమ్మ.

నిర్వహణ: మూడో పాదంలో గణాలు కుదిరాయి, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి) కుదరలేదు. 'సో'కు 'ఇ'తో మైత్రి లేదు. 'సోక్రటీసు చెప్పె చూడు మీ సామ్యమ్ము' అంటే సరిపోతుంది. భావం మాత్రం మూలానికి నూటికి నూరు పాళ్ళూ దగ్గరగా ఉంది. ప్లేటో రాసిన 'మీనో' సంభాషణలో సోక్రటీసు ఈ పోలికే తెస్తాడు. నిజమైన అభిప్రాయాలు డేడలస్ బొమ్మల వంటివి, కారణంతో కట్టి ఉంచితేనే జ్ఞానమై నిలుస్తాయి, లేకుంటే పారిపోతాయి అంటాడు. మరోచోట డేడలస్‌ను తన పూర్వీకుడని కూడా చెప్పుకుంటాడు. సోక్రటీసు తండ్రి రాతిపని చేసేవాడని సంప్రదాయం.

తుంగభద్ర: సవరణలో 'చూడుము' పాదపూరణానికి వచ్చినట్టుగానే ఉందండీ.

నిర్వహణ: ఒప్పుకుంటాను. పద్యప్రియ గారు ఇంతకన్నా మంచి మాట పట్టుకొస్తే మార్చేద్దాం.

చిరుమువ్వ: నా పూరణ డేడలస్ కొడుకు ఇకరస్ గురించి, తండ్రి ఈకలతో, మైనంతో చేసిన రెక్కలతో ఎగిరినవాడు.

ఈక లల్లి మైన మింకించి యెగిరిన
తండ్రి మాట వినని తనయు డొరిగె;
కడలి మింగె; శిల్పి కన్నీట చెక్కిన
కట్టివేయకున్న కదలు బొమ్మ.

నిర్వహణ: చిరుమువ్వ గారూ, మొదటి రెండు పాదాలు చదివి చాలాసేపు ఆగిపోయాను. సూర్యుడికి దగ్గరగా పోవద్దని తండ్రి చెప్పాడు, కొడుకు వినలేదు, మైనం కరిగింది. అయితే కన్నీట చెక్కిన ఆ బొమ్మ ఎవరిది? కొడుకుదే అయితే కథ ఒప్పుకోదు. ఆ పతనాన్ని బంగారంలో చెక్కబోయి రెండుసార్లూ తండ్రి చేతులు జారిపోయాయని రోమన్ కవి వర్జిల్ రాశాడు. మరెవరిదో అయితే పై పాదాలతో అన్వయం తెగుతుంది. చచ్చినవాడికీ కదిలే బొమ్మకీ మధ్య ఉన్న తేడా మీ చేతిలోనే ఉంది, దాన్నే వాడండి.

చిరుమువ్వ: మూడో పాదం మార్చాను:

కొడుకు కదల డింక, కూర్చుండి చెక్కిన
కట్టివేయకున్న కదలు బొమ్మ.

పద్యప్రియ: ఇది వేరే పద్యమైపోయింది! నాది వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

నిర్వహణ: తీసుకోకండి, రెండూ ఉండాలి. చిరుమువ్వ గారూ, ఇప్పుడు అన్వయం కుదిరింది, సమస్యలోని 'కదలు' మొదటిసారి బరువెక్కింది. 'కూర్చుండి' అనే మాటను మార్చవద్దని నా మనవి. ఎగిరి వచ్చినవాడు చివరికి కూర్చున్నాడు.

తుంగభద్ర: వెన్నెలబాట గారి మొదటి పాదంలో 'ఎ'కు 'కి'తో యతి ఎలా చెల్లింది?

నిర్వహణ: 'ముందుకు + ఇడినను' అన్నచోట సంధి జరిగింది. పరపదం మొదటి అచ్చు 'ఇ'. దానికీ 'ఎ'కూ మైత్రి ఉంది కనుక స్వరయతి చెల్లుతుంది. 'మర్మ మొక్కటే'లో ఉ–ఒ మైత్రి కూడా ఇలాంటిదే. పూరణలు ఆదివారం దాకా స్వీకరిస్తాం. లాబిరింత్ మీద ఇంకా ఎవరూ రాయలేదు.